పవిత్రభూమి పల్లెల చేతి విద్యలు: దాచవలసినది వస్తువునా, నిలపవలసినది మనిషినా?



మన క్రైస్తవ గృహాలలో చాలాచోట్ల, పీఠం మీదనో, గోడ మేకుకో, ఓలివు కొయ్య పూసల జపమాల ఒకటి కనిపిస్తుంది. పవిత్రభూమి యాత్రకు వెళ్ళివచ్చిన బంధువులెవరో తెచ్చి ఇచ్చినది. "బేత్లెహేములో కొన్నాం" అని చెబుతారు. మనం దానిని కళ్ళకద్దుకొని, దానితో జపం చెప్పుకొంటాం. కాని ఆ పూసలు మలచిన చేయి ఎవరిది, ఆ చేతికి ఆ పని నేర్పినది ఎవరు, ఆ ఇంట ఈనాడు పొయ్యి రాజుకుంటున్నదా అని అడిగేవారు తక్కువ. ఈ వారం మన అధ్యయనానికి ఆ ప్రశ్ననే తీసుకొందాం.

పవిత్రభూమి అనగానే మనకు గుర్తుకు వచ్చేవి రాళ్ళు: క్రీస్తు ప్రభువు పుట్టిన గుహ, సిలువ నాటిన గుట్ట, ఖాళీ సమాధి. ఇవి పూజనీయమైనవే. అయితే ఆ రాళ్ళ చుట్టూ రెండువేల యేండ్లుగా మనుషులు కాపురముంటున్నారు. వారు పాలస్తీనా ప్రజలు. వారిలో ఎక్కువమంది ముస్లిములు, కొద్దిమంది క్రైస్తవులు. 2017 జనాభా లెక్కల ప్రకారం జోర్దాను నది పడమటి గట్టు ప్రాంతంలో, గాజాలో కలిపి క్రైస్తవులు సుమారు 47,000 మంది మాత్రమే. ఈ ప్రజల పల్లెలలో తరతరాలుగా వచ్చిన చేతి విద్యలు ఎలా ఉన్నవి, అవి ఎందుకు తరిగిపోతున్నవి, వాటిని నిలపడమంటే నిజంగా ఏమిటి?

పరిశుద్ధ గ్రంథంలో పనివాని స్థానం

ముందుగా దేవుని వాక్కు వెలుగులో చూద్దాం. నిర్గమకాండము 31వ అధ్యాయంలో, సాన్నిధ్యపు గుడారం నిర్మించడానికి దేవుడు బేసలేలును పేరు పెట్టి పిలుస్తాడు. అతనిని తన ఆత్మతో నింపి, లోహాలలో, రత్నాలలో, కొయ్యలో పనిచేసే నేర్పును ప్రసాదిస్తాడు. ప్రవక్తలకు వచ్చిన ఆత్మయే వడ్రంగికీ వచ్చిందన్నమాట! ఆపైన 35వ అధ్యాయం 34వ వచనంలో మరొక మాట ఉన్నది. బేసలేలుకు, అతని తోటివాడైన ఒహోలియాబుకు దేవుడు ఇతరులకు నేర్పే వరాన్ని కూడా ఇచ్చాడు. ఈ చిన్న మాటను గుర్తుపెట్టుకోండి. నేటి పాఠమంతా దానిమీదనే నిలిచి ఉన్నది.

సీరా పుత్రుడైన యేసు జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం రైతును, చెక్కడపు పనివానిని, కమ్మరిని, కుమ్మరిని వరుసగా చూపిస్తుంది. వారిని సభలలో పైపీటల మీద కూర్చోబెట్టరు గాని, వారు లేనిదే పట్టణమే ఉండదని చెబుతుంది. వారి పనియే వారి ప్రార్థన అన్న భావంతో ముగిస్తుంది.

అపోస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో యొప్పా పట్టణపు తబితా చనిపోయినప్పుడు, పేదరాండ్రైన విధవరాండ్రు ఏడ్చుచు, ఆమె కుట్టి ఇచ్చిన బట్టలను పేతురుకు చూపిస్తారు. ఆమె పుణ్యానికి వారు చూపిన సాక్ష్యం ఒక సూది పని. ఆ యొప్పాయే నేటి జాఫా. ఇక మన ప్రభువును నజరేతువారు పిలిచినది వడ్రంగి అనే గదా (మార్కు 6:3). సిలువ చెంత సైనికులు చీట్లు వేసుకొన్న ఆయన అంగీ కుట్టు లేకుండా పైనుండి ఒకటిగా నేసినది (యోహాను 19:23). దానిని నేసినవారెవరో మనకు తెలియదు. వారి పనిని మాత్రం సువార్త మరువలేదు.

వస్తువు వేరు, విద్య వేరు

పునీత తోమాసు అక్వినాసువారు చేతి విద్యను గురించి చెప్పిన నిర్వచనం సెమినరీలో మాకు తత్వశాస్త్ర పాఠంగా వచ్చింది. చేయవలసిన వస్తువును గురించిన సరియైన వివేకమే విద్య అని వారి భావం. దానిని ఆయన మనిషిలో పాదుకొన్న ఒక స్థిరగుణంగా లెక్కించారు. ఇది పైకి చిన్న విషయంగా కనిపించవచ్చు. దీని ఫలితం మాత్రం పెద్దది.

విద్య వస్తువులో ఉండదు, మనిషిలో ఉంటుంది. కుండ పగిలితే కుమ్మరి మరొక కుండ చేస్తాడు. కుమ్మరి నేర్పకుండా పోతే, మిగిలిన వేయి కుండలు కలిసినా ఒక కుమ్మరిని చేయలేవు. కనుక అద్దాల పెట్టెలో పాత దుస్తును భద్రపరచడం మంచి పనియే గాని, దానితో విద్య నిలిచినట్టు కాదు. విద్య నిలవాలంటే మూడు కావాలి: తెలిసిన చేయి, నేర్చుకొనే చేయి, ఆ ఇద్దరికీ పూట గడిచే దారి. ఈ కొలబద్దతో పాలస్తీనా పల్లెలను చూద్దాం.

ఊరి పేరు చెప్పే దుస్తు

పాలస్తీనా పల్లె స్త్రీలు ధరించే పొడవాటి అంగీని తోబ్ అంటారు. దానిమీద వేసే కుట్టుపని పేరు తత్రీజ్. ఎక్కువగా గుణకారపు గుర్తు వంటి కుట్టుతో, బట్ట పోగులు లెక్కించుకొంటూ వేస్తారు. సైప్రస్ చెట్టు, గోధుమ కంకి, పక్షి, బేత్లెహేము చంద్రుడు వంటి ఎన్నో నమూనాలున్నవి. వెనుకటి రోజులలో ఈ నమూనాలను, రంగులను, ఛాతీమీది పట్టీని చూసి ఆమె ఏ ఊరి మనిషో చెప్పగలిగేవారు. రామల్లా ప్రాంతంలో తెల్లని నారబట్ట మీద ఎర్రదారం ప్రసిద్ధి. బేత్లెహేములో బంగారు, వెండి జరీ తాడును బట్టమీద పరచి సన్నని కుట్లతో బిగించేవారు. దక్షిణాన బెదూయీనుల్లో విధవరాలి దుస్తుకు నీలిదారం వాడేవారు. చదువురాని స్త్రీ తన బ్రతుకును దారంతో వ్రాసుకొన్న గ్రంథం అది.

పిల్ల తల్లి ప్రక్కన, అమ్మమ్మ ప్రక్కన కూర్చొని ఈ పని నేర్చుకొనేది. తన పెండ్లి దుస్తులు తానే కుట్టుకొనేది. 1930ల తరువాత ఐరోపా నుండి ప్రత్తి దారాలు, నమూనాల పుస్తకాలు వచ్చి కొత్త పువ్వులు చేరాయి. సంప్రదాయమంటే కదలని రాయి కాదని ఇది తెలుపుతున్నది. మిల్లు బట్టలు వచ్చాక పోగులు లెక్కించడం కష్టమైంది. అందుకు స్త్రీలు ఒక ఉపాయం కనిపెట్టారు. జల్లెడ వంటి పలుచని బట్టను పైన పరచి, దాని కళ్ళను లెక్కించి కుట్టి, పని ముగిశాక దాని పోగులను ఒక్కొక్కటిగా లాగివేస్తారు.

1948 యుద్ధంలో ఏడు లక్షలకు పైగా పాలస్తీనీయులు ఇండ్లు విడిచి శరణార్థులయ్యారు. నాలుగు వందలకు పైగా గ్రామాలు ఖాళీ అయ్యాయి. శరణార్థి శిబిరాలలో వేరువేరు ఊళ్ళ స్త్రీలు ఒకచోట చేరగా నమూనాలు కలిసిపోయాయి. ఊరు లేకపోయినా ఊరి పువ్వు బట్టమీద మిగిలింది. 1987లో మొదలైన ప్రజా తిరుగుబాటు కాలంలో, తమ జెండాను బయట ఎగురవేయడం నిషేధించబడగా, స్త్రీలు ఆ జెండా రంగులను దుస్తులపై కుట్టుకొన్నారు. 2021లో యునెస్కో ఈ కుట్టుపనిని మానవజాతి వారసత్వ సంపదగా నమోదు చేసింది.

కత్తిరించిన కొమ్మ, కోసిన చిప్ప

బేత్లెహేము, దాని ప్రక్కనున్న బేత్ జాలా, బేత్ సాహూర్ ఊళ్ళలో మన క్రైస్తవ సోదరుల ముఖ్యమైన చేతిపని ఓలివు కొయ్య చెక్కడం, ముత్యపు చిప్ప పని. పవిత్ర స్థలాలను కాపాడే ఫ్రాన్సిస్కను సభ గురువులు సుమారు నాలుగు శతాబ్దాల క్రితం అక్కడివారికి ఈ పనులలో శిక్షణ ఇప్పించారు. యాత్రికుల కొరకు సిలువలు, జపమాలలు, పశువుల పాక బొమ్మలు, పవిత్ర సమాధి దేవాలయపు చిన్న నమూనాలు తయారయ్యేవి. చిప్పలు పొదిగిన ఆ నమూనాలు ఐరోపా రాజుల ఇండ్లకు కూడా చేరాయి.

పని తీరు తెలిస్తే ఆ జపమాల విలువ తెలుస్తుంది. ఇందుకు చెట్టును నరకనక్కరలేదు. ఏటా కాపు కొరకు కత్తిరించే కొమ్మలే చాలు. పచ్చికొయ్య పగులుతుంది గనుక దానిని నెలల తరబడి ఆరబెట్టాలి. రంపంతో మోటు ఆకారం తీసి, ఉలితో కండ్లు, ముక్కు, వస్త్రపు మడతలు తేల్చి, గరుకు కాగితంతో నునుపు చేసి, నూనెతోనో మైనంతోనో మెరుగు పెడతారు. చిప్ప పని మరింత కష్టం. సానబట్టేటప్పుడు లేచే ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు. మనం జపం చెప్పుకొనే వస్తువు వెనుక ఒకరి ఊపిరి ఉన్నది.

నేల కూడా ఒక విద్యయే

చేతిపనులంటే అంగడిలో అమ్మేవి మాత్రమే అనుకోరాదు. బేత్లెహేముకు సమీపాన బత్తీర్ అనే గ్రామమున్నది. కొండవాలును రాతి గట్లతో మెట్లుగా మలచి, ఊటనీటిని కాలువలతో పారించి, ఓలివులు, ద్రాక్షలు, కూరగాయలు పండిస్తారు. ఊట నీటిని ఎనిమిది వంశాలు రోజుకొకరు చొప్పున పంచుకొంటారు. అందుకే బత్తీరులో వారానికి ఎనిమిది రోజులని అక్కడివారు అంటారు. సున్నం లేకుండా రాయిమీద రాయి పేర్చే ఆ గట్టును ఏటా సరిచేయకపోతే వానకు మన్ను జారిపోతుంది. 2014లో యునెస్కో ఈ గ్రామాన్ని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలోను, ఆపదలో ఉన్న స్థలాల జాబితాలోను ఒకేసారి చేర్చింది.

నబ్లూసు పట్టణపు ఓలివు నూనె సబ్బు కూడా ఇటువంటిదే. చుట్టుప్రక్కల పల్లెల నూనెను పెద్ద బానలో రోజుల తరబడి ఉడికించి, నేలమీద పోసి, ముక్కలుగా కోసి, ముద్ర వేసి, గాలి ఆడేలా గోపురాలుగా పేర్చి ఆరబెడతారు. 2024లో ఇది కూడా యునెస్కో జాబితాకు ఎక్కింది. జాబితాకు ఎక్కడం సంతోషమే. అయితే జాబితా గట్టు కట్టదు, సబ్బు ఉడికించదు. మనిషి చేయాలి.

విద్య ఎందుకు తరిగిపోతున్నది?

మొదటిది, నేల. ఓలివు లేనిదే కొయ్య లేదు, నూనె లేదు, సబ్బు లేదు. 1967 నుండి పడమటి గట్టు ఇశ్రాయేలు సైనిక ఆక్రమణ క్రింద ఉన్నది. కొత్త వలస గ్రామాలు, 2002లో మొదలైన వేర్పాటు గోడ, తనిఖీ స్థలాల వలన చాలామంది రైతులు తమ చెట్ల దగ్గరికి తాము పోవడానికే అనుమతి పత్రం కోరవలసి వస్తున్నది. యోహాను సువార్తలోని ఎఫ్రాయీముగా (11:54) తలచే తయ్‌బే గ్రామం పూర్తిగా క్రైస్తవులది. 2025 జూలైలో అక్కడి పురాతన పునీత జార్జి దేవాలయ శిథిలాల సమీపంలో వలసవాసులు నిప్పు పెట్టారని గ్రామస్థులు, గురువులు వాపోయారు. యెరూషలేము పాట్రియార్కులు స్వయంగా వెళ్ళి వారిని ఓదార్చారు.

రెండవది, యాత్రికులు రాకపోవడం. 2023 అక్టోబరు 7న హమాసు జరిపిన దాడిలో ఇశ్రాయేలులో సుమారు 1,200 మంది చనిపోయారు. ఆ తరువాత గాజాపై సాగిన యుద్ధంలో పదుల వేలమంది ప్రాణాలు పోయాయి. బేత్లెహేముకు యాత్రలు దాదాపు ఆగిపోయాయి. 2023, 2024 క్రిస్మసులకు బహిరంగ వేడుకలు మానుకొన్నారు. 2025 డిసెంబరులో గాని అక్కడి చౌకులో క్రిస్మసు చెట్టు మళ్ళీ వెలగలేదు. పనివాడు రెండేండ్లు ఉలి పక్కన పెడితే, అతని కొడుకు వేరే పని వెతుక్కొంటాడు. లేదా దేశమే విడిచి పోతాడు. విద్య తెగిపోయేది అక్కడనే.

మూడవది, యంత్రాల పోటీ. దూరదేశపు కర్మాగారాలలో వేలకొద్దీ తయారైన సిలువలు, కుట్టు సంచులు పవిత్రభూమి అంగళ్ళలోనే చౌకగా అమ్ముడవుతున్నవి. నాలుగవది, మనం దాచిపెట్టరాని విషయం: కుట్టిన స్త్రీకి దక్కే కూలి. ఒక దుస్తుకు నెలల తరబడి పని పడుతుంది. మధ్యవర్తి లాభం తీసుకొన్నాక ఆమె చేతికి వచ్చేది కొద్ది. పల్లె స్త్రీ పేదరికం మీద నిలిచిన సంప్రదాయాన్ని పొగడడం న్యాయం కాదు. 1891లోనే 13వ లియో పాపుగారు న్యాయమైన కూలిని గురించి బోధించారు. 1981లో రెండవ జాన్ పాల్ పాపుగారు తమ విశ్వలేఖలో, పని మనిషి కొరకే గాని మనిషి పని కొరకు కాదని వివరించారు. సంస్కృతి విషయంలోనూ ఇదే న్యాయం.

నిలుపుతున్నవారు

చీకటిని గురించి మాత్రమే చెప్పి ఊరుకోరాదు. బేత్లెహేములో 1947లో ఏర్పడిన అరబ్బు మహిళా సంఘం కుట్టుపని చేసే స్త్రీలకు పని ఇస్తూ, పాత ఇంటిలో ప్రదర్శనశాల కూడా నడుపుతున్నది. 1965లో సమీహా ఖలీల్ అనే మహిళ అల్-బీరె పట్టణంలో ఇన్‌ఆష్ అల్-ఉస్రా అనే సంస్థను స్థాపించి, పేద స్త్రీలకు కుట్టుపనిని జీవనాధారం చేశారు. పాత దుస్తులను, జానపద జ్ఞానాన్ని సేకరించే పని కూడా అక్కడ జరిగింది. చూడండి, వస్తువును దాచడం, విద్యను నేర్పడం ఒకే కప్పు క్రింద!

1991లో రామల్లాలో సుఆద్ అమీరీ స్థాపించిన రివాక్ సంస్థ, నాలుగు వందలకు పైగా ఊళ్ళు తిరిగి సుమారు 50,000 పాత కట్టడాలను నమోదు చేసింది. పాడుబడిన రాతి ఇండ్లను స్థానిక మేస్త్రీలతోనే బాగుచేయించి, వాటిని గ్రామ సంఘాలకు, స్త్రీల పనులకు అప్పగిస్తున్నది. బిర్‌జయిత్ పాత ఊరిని బాగుచేసిన పనికి 2013లో ఆగాఖాన్ వాస్తుశిల్ప పురస్కారం లభించింది. తయ్‌బేలో విచారణ పూనికతో మట్టి దీపాల తయారీ సాగింది. ఈ పనులన్నింటిలో ముస్లిము, క్రైస్తవ స్త్రీలు ఒకే దారం పట్టుకొని కూర్చొంటున్నారు.

ఒక ఆక్షేపణ

"ఫాదర్, మనుషులు చనిపోతుంటే కుట్టుపూలను గురించి మాట్లాడడమా?" అని కొందరు అడుగవచ్చు. మంచి ప్రశ్న. ఆకలిగొన్నవానికి ముందు అన్నమే పెట్టాలి, సందేహం లేదు. అయితే ఆ ప్రజలు మననుండి కోరేది అన్నం మాత్రమే కాదు. తమ చేతులతో సంపాదించి తినే గౌరవం. దానం పుచ్చుకొన్న చేయి ఒక పూట బ్రతుకుతుంది, పని ఉన్న చేయి ఇల్లు నిలుపుతుంది. మనిషి సంస్కృతి ద్వారానే నిండు మానవత్వాన్ని పొందుతాడని రెండవ వాటికన్ మహాసభ కూడా బోధించింది. ఒక జాతి ఊరి పేర్లను, పాటలను, పూలను పోగొట్టుకొంటే, బ్రతికి ఉన్నా తానెవరో తెలియనిదవుతుంది. పైగా పనిలేక క్రైస్తవ కుటుంబాలు వెళ్ళిపోతే, క్రీస్తు పుట్టిన ఊరిలో దేవాలయాలుంటాయి, దివ్యబలిపూజకు మోకరించే స్థానికులుండరు. రాళ్ళు మిగిలి, సజీవ శిలలు పోతాయి.

మన వంతు

ఇంత దూరాన ఉన్న మనం చేయగలిగినది ఉన్నది. మొదటిది, పవిత్ర శుక్రవారపు కానుక. ఆనాడు మన విచారణలన్నింటిలో పట్టే చందా పవిత్రభూమికే చేరుతుంది. 1974లో ఆరవ పౌలు పాపుగారు ఈ కానుక గుడుల కొరకే గాక, అక్కడి ప్రజల విద్యకు, సేవాకార్యాలకు కూడా అని స్పష్టం చేశారు. కనుక సిలువను ముద్దుపెట్టుకొన్న తరువాత జేబులో చిల్లర వెదకక, ముందునాడే ఇంట అందరూ కూర్చొని కొంత తీసిపెట్టండి.

రెండవది, యాత్ర. పరిస్థితులు అనుకూలించి మన ఊళ్ళనుండి యాత్రికులు వెళ్ళినప్పుడు, బస్సు ఆపిన పెద్ద అంగడిలోనే అన్నీ కొనకండి. "ఇది ఎవరు చేశారు? ఎక్కడ చేశారు?" అని అడగండి. మఠకన్యలు, విచారణలు, స్త్రీల సంఘాలు నడిపే చోట కొనండి. న్యాయమైన ధరకు గీచి గీచి బేరమాడకండి. పది చౌక వస్తువులకన్న, చేతితో చేసిన ఒక్క వస్తువు మేలు. వీలైతే ఆదివారం అక్కడి విచారణ ప్రజలతో కలిసి పూజలో పాల్గొనండి. తాము ఒంటరివారము కామని వారికి తెలుస్తుంది.

మూడవది, జపం. ఈసారి ఆ ఓలివు జపమాల పట్టుకొన్నప్పుడు, ఒక పదిని ఆ పూసలు చేసినవారి కొరకు చెప్పండి.

కుటుంబాలలో, చిన్న క్రైస్తవ సమాజాలలో చర్చకు:

1. నిర్గమకాండము 35:30-35 చదవండి. నేర్పే వరాన్ని దేవుడు ప్రత్యేకంగా ఎందుకు ఇచ్చాడు?

2. మన ఇంట ఉన్న పవిత్రభూమి వస్తువు ఎవరి చేతిపని? తెలుసుకోవడానికి ఎప్పుడైనా ప్రయత్నించామా?

3. చౌకగా దొరికిందని సంతోషించినప్పుడు, ఆ చౌకను ఎవరు మోశారో ఆలోచిస్తున్నామా?

4. ఈ యేడు పవిత్ర శుక్రవారపు కానుకకు మన కుటుంబం ఎలా సిద్ధపడుతుంది?

నజరేతు పనివాడైన ప్రభువు, తాను పుట్టిన నేలమీద నేటికీ ఉలి పట్టినవారిని, సూది పట్టినవారిని, గట్టు పేర్చేవారిని దీవించునుగాక. వారి చేతులకు పనిని, వారి బిడ్డలకు ఆ పని నేర్చుకొనే శాంతిని దయచేయునుగాక. ఆమెన్.